ముక్కు ప్యాడ్ దొరికేదాకా: స్పెంట్ ఫ్యూయల్ బే పక్కన నా మూడు రోజులు

నిన్న రాత్రే ఇంటికి చేరాను. కోపం ఇంకా చల్లారలేదు. రేపటికి సగం మర్చిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

నేను ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీ తరఫున ఒక అణు విద్యుత్ కేంద్రంలో పనికి వెళ్లాను. ఏ కేంద్రమో, ఏ కంపెనీయో చెప్పను. రియాక్టరులో వాడేసిన ఇంధనాన్ని లోతైన నీళ్ల తొట్టిలో ఉంచుతారు. అక్కడివాళ్లు దాన్ని స్పెంట్ ఫ్యూయల్ బే అంటారు, మాటల్లో ఉత్త 'బే'. దాని నీటిమట్టం, ఉష్ణోగ్రత చూపించే పరికరాలు సరిచూసి, పాడైనవి మార్చడం మా పని.

లోపలికి వెళ్లేదాకా జరిగే తతంగం గురించి అందరూ భయపెడతారు. అదేమంత కష్టం కాదు. పోలీస్ వెరిఫికేషన్ మా స్టేషన్లో రెండు రోజుల్లో అయిపోయింది, ఒక్క రూపాయి అడగలేదు. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఒక పూటలో అయిపోయాయి. రేడియేషన్ జాగ్రత్తల మీద క్లాసు, చివర్లో పరీక్ష. ఇరవైకి ఇరవై వచ్చాయి, మా బ్యాచ్‌లో నాకొక్కడికే. ఒంటికి తగిలే రేడియేషన్ ఏడాదికి 30 మిల్లీసీవర్ట్‌లు (దాన్ని కొలిచే యూనిట్) దాటకూడదు, ఐదేళ్ల సగటు ఏడాదికి 20 దాటకూడదు అన్న లెక్క అడిగితే మా వాళ్లలో సగం మంది తలలు గోక్కున్నారు. టీఎల్‌డీ బ్యాడ్జి ఇచ్చారు, ఛాతీ మీద పెట్టుకోవాలి. లోపలున్నంతసేపూ ఆ బ్యాడ్జీని మీ ఒంటి మీదే ఉంచుకోండి, కాంట్రాక్టరు 'నేను దాచి పెడతాలే' అంటే ఒప్పుకోకండి. మీ ఒంటికి తగిలిన లెక్క అందులో ఉంటుంది.

ఒక సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. మాది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర. నాన్న ఎన్‌ఎఫ్‌సీలో, అంటే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో, వెల్డింగ్ చేసి రిటైరయ్యాడు. దేశంలోని భారజల రియాక్టర్లకి (బరువైన రకం హైడ్రోజన్ ఉన్న నీళ్లు వాడేవి) బండిళ్లు, అంటే ఇంధనపు కట్టలు, అక్కడ తయారవుతాయి. 220 మెగావాట్ల రియాక్టర్లలో వాడే ఒక్కో బండిల్ అర మీటరు పొడవు, పదహారు కిలోల పైమాటే. జిర్కలాయ్ అనే మిశ్రమ లోహంతో చేసిన 19 సన్నటి గొట్టాల్లో యురేనియం బిళ్లలు నింపి, రెండు చివర్లా ఎండ్ ప్లేట్లు పెట్టి వెల్డింగ్ చేస్తారు. అలాంటి ఒక రియాక్టరుకి బండిళ్లు ఉంచే చానెళ్లు 306, చానెల్‌కి 12 చొప్పున మొత్తం 3,672 బండిళ్లు. కొత్త బండిల్‌ని నాన్న చేతి తొడుగులు వేసుకుని ఎత్తేవాడు. రియాక్టరులో కాలి బయటికొచ్చాక అదే బండిల్ దగ్గరికి నీళ్లో మందపాటి గోడో అడ్డం లేకుండా మనిషి వెళ్లలేడు. అందుకే ఈ తొట్టి. నీళ్లు దాని వేడిని లాక్కుంటాయి, రేడియేషన్‌ని ఆపుతాయి. రమారమి ప్రతి పది సెంటీమీటర్ల నీళ్లకి గామా కిరణాలు సగానికి తగ్గుతాయని క్లాసులో చెప్పారు. పైన మీటర్ల కొద్దీ నీళ్లుంటాయి కాబట్టి గట్టు మీద నిలబడి పని చేసుకోవచ్చు. రోజంతా ఉన్నా, తగిలిన రేడియేషన్‌ని చూపించే నా డోసిమీటరులో అంకె సున్నాని అంటిపెట్టుకునే ఉంది. మా ఊళ్లో నా పక్కన కూర్చోవడానికి వెనకాడే చుట్టాలు ఈ ముక్క చదవాలి.

బేలో ఉండేది మామూలు నీళ్లే, లవణాలన్నీ తీసేసి శుద్ధి చేసినవి. భారజలం కాదు. సహజ యురేనియం బండిళ్లు మామూలు నీళ్లలో ఎన్ని పక్కపక్కన పేర్చినా, రియాక్టరులోలా అణువులు వరసగా చీలే గొలుసు చర్య మొదలవదు. కాబట్టి అక్కడ భయమల్లా నీళ్లు తగ్గిపోతేనే. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు ప్రపంచమంతా హడలింది నాలుగో యూనిట్ తొట్టి గురించి. 1,535 ఇంధన అసెంబ్లీలున్న (అక్కడి ఇంధనపు కట్టలు) ఆ తొట్టి ఎండిపోయిందేమో అనుకున్నారు. నీళ్లు ఉన్నాయి, కానీ ఉన్నాయని నమ్మకంగా చెప్పే పరికరం లేదు. 2014 చివరికి వాటన్నిటినీ జాగ్రత్తగా బయటికి తీశారు. ఆ అనుభవంతోనే అమెరికాలో 2012లో ప్రతి తొట్టికీ నమ్మదగిన నీటిమట్టం పరికరం ఉండాలని ఆదేశమిచ్చారు. నేను చేసే పని అదే. చిన్న పని అని ఎవరైనా అంటే నాకు రోషం వస్తుంది.

ఇక అసలు విషయం.

బే గట్టు ఎక్కే ముందు ఒక బల్ల, ఒక రిజిస్టరు ఉంటాయి. లోపలికి తీసుకెళ్లే ప్రతి వస్తువూ అందులో రాయాలి. స్క్రూడ్రైవరుకి తాడు కట్టి మణికట్టుకి ముడి వేయాలి. మూత ఉన్న పెన్ను వద్దు. ఉంగరం, వాచీ, తాయెత్తు లాకర్లో పెట్టాలి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ అసలు తేకూడదు, నీళ్లలో పడితే కంటికి కనిపించదు. నా వస్తువులు పద్నాలుగు. పద్నాలుగోది కళ్లజోడు, వెనక తాడు కట్టి ఉంది. రిజిస్టరులో 'కళ్లజోడు - 1' అని రాశారు.

మొదటి రోజు పని బాగా సాగింది. తప్పు చూపిస్తున్న ఒక మీటరుని మధ్యాహ్నంలోపే పట్టుకున్నాను, ముందొచ్చిన వాళ్లు రెండుసార్లు చూసి బాగుందని వెళ్లిపోయిన దాన్ని. సాయంత్రం బయటికొస్తుంటే పద్నాలుగూ సరిపోయాయి. రిజిస్టరు దగ్గరున్నతను నా ముఖంకేసి చూసి ఆగాడు. కళ్లజోడుకి ఎడమవైపు ముక్కు ప్యాడ్ లేదు.

కందిగింజంత సిలికాన్ ముక్క. పైగా పారదర్శకం.

పది నిమిషాల్లో షిఫ్ట్ ఇన్‌ఛార్జి వచ్చాడు. ఇరవై మంది ముందు నన్ను నిలబెట్టి, "నీళ్లలో పడిందని తెలిసీ చెప్పకుండా వెళ్లిపోదామనుకున్నావు కదా" అన్నాడు. నా వయసు 41, ఆయనకి ముప్పై దాటి ఉండవు. నాకు తెలియలేదండీ అని చెబుతుంటే వినకుండా, ఇలాంటివాళ్లని ఎక్కణ్ణుంచి పట్టుకొస్తారని మా సూపర్‌వైజర్ని అడిగాడు. మా సూపర్‌వైజర్ నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోను. బట్టలన్నీ విప్పించి వెతికారు. నోరు తెరిచి చూపించమన్నారు. ప్యాడ్ నోట్లో ఎందుకు దాచుకుంటాను?

రూలు తప్పని నేను అనను. ఆ ముక్క బండిళ్ల ట్రేల సందులో ఇరుక్కోవచ్చు, పంపు నీళ్లు లాగే చోటికి చేరవచ్చు. దానివల్ల ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ ఈరోజు ప్యాడ్‌ని వదిలేస్తే రేపు నట్టుని వదిలేస్తారు. ఇంధనం ఏళ్ల తరబడి ఆ నీళ్లలోనే చల్లారాలి. ఆ తర్వాతే మన దేశంలో దాన్ని రీప్రాసెసింగ్‌కి, అంటే మళ్లీ పనికొచ్చేది వేరు చేయడానికి, పంపేది. అన్నేళ్లూ ఆ నీళ్లు శుభ్రంగా ఉండాలంటే ఇంత పట్టింపు ఉండాల్సిందే. నా గొడవ అంతా మనిషిని దొంగలా చూడటం గురించి. చూసినవాడు చూసినట్టు వచ్చి చెప్పే ధైర్యం ఉంటేనే ఇలాంటి చోట భద్రత ఉంటుందని క్లాసులో వాళ్లే చెప్పారు. అలా తిడితే ఇంకోసారి ఎవడు చెబుతాడు?

రాత్రి పదకొండింటిదాకా స్టేట్‌మెంట్లు రాయించారు. మొదటిది నచ్చలేదు, రెండోది చాలలేదు. మూడోది ఇన్‌ఛార్జే చెప్పి రాయమన్నాడు: 'నా నిర్లక్ష్యం వల్ల బేలో పడిపోయింది' అని. రాయనన్నాను. "ఎక్కడ పడిందో నాకు తెలియదు, ఎక్కడ వెతకమన్నా వెతుకుతాను" అని రాసి సంతకం పెట్టాను. మా సూపర్‌వైజర్ పక్కకి లాగి, "రాసిచ్చెయ్, పని ఆగిపోతోంది, బిల్లు ఎవరిస్తారు?" అన్నాడు. కంటితో చూడనిదాన్ని చూశానని ఎవరు రాయమన్నా రాయకండి. కడుపు మాడినా సరే.

రెండో రోజు నీళ్లలోకి కెమెరా దించారు. ఆ ముక్క ఎలా ఉంటుందో నాకే తెలుసు కాబట్టి నన్ను తెర ముందు కూర్చోబెట్టారు. రేడియేషన్ వల్ల బొమ్మ నిండా తెల్లటి చుక్కలు, ముసురు పట్టినట్టు. రెండు షిఫ్టులు కళ్లార్పకుండా చూశాను. అడుగు, మూలలు, ట్రేల మధ్య సందులు, ఒక్కో వరుస. ట్రేల పక్కగా కెమెరా వెళ్తుంటే బండిళ్ల చివర్లు వరసగా కనిపించాయి, నల్లబడి, నిశ్చలంగా. ఒకసారి దీపాలు తగ్గించినప్పుడు కొత్తగా దించిన బండిళ్ల వైపు నీళ్లు నీలంగా వెలిగాయి. చెరెంకోవ్ వెలుగు అంటారు దాన్ని. అంత దిగులులోనూ కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

ప్యాడ్ కనిపించలేదు.

మూడో రోజు పదకొండింటికి, విడిచిన బట్టలు ఏరే చోటునుంచి ఒక పెద్దాయన వచ్చాడు. శ్రీకాకుళం మనిషి, ఆయన కూడా కాంట్రాక్టే. మొదటి రోజు వేసుకున్న ఓవరాల్స్, టోపీలు అన్నీ పరీక్ష చేశాక ఒక్కోటీ చేత్తో తడిమి చూశాడట. అలా చూడమని ఎవరూ చెప్పలేదు. నా తలటోపీ ఎలాస్టిక్ మడతలో దొరికిందని చిన్న కవర్లో పెట్టి తెచ్చాడు. "ఏటి బాబూ, దీనికోసవేనా మూడ్రోజుల్నుంచి తిండి మానేసినావు?" అన్నాడు. ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

ఇన్‌ఛార్జి కవరు తీసుకుని, కళ్లజోడుకి పెట్టి చూసి, రిజిస్టరులో రాసి, "సరే, పనికి వెళ్లు" అన్నాడు. అంతే. మిగిలిన పని రెండు రోజుల్లో ముగించాను. మా కంపెనీ ప్యాడ్ కోసం వెతకడంలో పోయిన రెండు రోజులకి ఆబ్సెంట్ వేసి కూలి కోసింది. తెర ముందు కూర్చోవడం పని కాదట.

మీరెవరైనా ఇలాంటి పనికి వెళ్తుంటే ప్యాడ్లు విడిగా లేని, అంతా ఒకే ప్లాస్టిక్‌తో చేసిన ఫ్రేము కొనుక్కోండి. రిజిస్టరులో కళ్లజోడు అని మాత్రమే రాయనివ్వకండి. ప్యాడ్లు రెండు, తాడు ఒకటి అని విడివిడిగా రాయించండి, మీ కళ్లతో చదివాకే సంతకం పెట్టండి. మీ సూపర్‌వైజర్ని మీ తరఫున మాట్లాడనివ్వకండి. బట్టలు ఏరే వాళ్లకి దండం పెట్టండి.

ఇంటికొచ్చాక నాన్నకి అంతా చెప్పాను. తిట్లు, స్టేట్‌మెంట్లు, ఆబ్సెంటు, అన్నీ విన్నాడు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగాడు: "కెమెరాలో బండిళ్ల చివర్లు కనిపించాయన్నావు కదరా, ఎండ్ ప్లేట్లు ఎలా ఉన్నాయి?"

ఒక్కటి కూడా వంగలేదు నాన్నా, అని చెప్పాను.