ధర్మాబాద్‌లో ఒక సెప్టెంబర్ 17

గోదావరి దాటి బాసర రాగానే సగం రైలు ఖాళీ అయింది. ధర్మాబాద్ స్టేషన్ బయట ఆటో అతను ఎనభై అడిగాడు. పోయినసారి ముప్పైకే వెళ్లాను. ఒళ్లు మండి నడక మొదలుపెట్టాను. దారి పొడుగునా జెండా వందనం చేసి వస్తున్న బడిపిల్లలు. 1948లో ఇదే రోజు నిజాం భారత సైన్యానికి లొంగిపోయాడు. ఒకప్పుడు నిజాం ఏలిన ఈ మహారాష్ట్ర ఊళ్లలో ఇది మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం. మన తెలంగాణలోనేమో విలీనమా, విమోచనమా అని ఏటా కొట్లాట.

చిన్నమ్మమ్మకు ఎనభై ఏడేళ్లు. ఆమె తెలుగులో పలకరిస్తే మునిమనవలు మరాఠీలో బదులిస్తారు. జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు తింటుంటే టీవీలో ఎక్కడో బాంబుల వార్త వచ్చింది. వెంటనే బావకూ నాకూ పాత వాదన మొదలైంది.

ఒక దేశంలోకి ఇంకో దేశం సైన్యం పోకూడదని నేను ఎప్పటినుంచో అంటున్నాను. బావ ఒప్పుకోడు. "1971లో మనం పోలేదా? కోటిమంది శరణార్థులొచ్చారు. ఐక్యరాజ్యసమితిలో 104 దేశాలు యుద్ధం ఆపమన్నాయి, వద్దన్నవి మనతో కలిపి 11. ఆపి ఉంటే బంగ్లాదేశ్ వచ్చేదా?"

నేను లిబియా సంగతి ఎత్తాను. 2011లో జనాన్ని కాపాడాలని భద్రతా మండలి తీర్మానం చేసింది, భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. కాపాడటంతో మొదలైంది గడాఫీని దించేదాకా పోయింది. ఆ తర్వాత ఆ దేశం రెండు ముక్కలై కొట్టుకుంటే పట్టించుకున్నదెవరు?

"మిలట్రీ మా ఊరికే వచ్చింది గద" అంది చిన్నమ్మమ్మ. ఇద్దరం ఆగిపోయాం.

"రజాకార్ల భయానికి రాత్రయితే చేన్లల్ల పండుకునేటోళ్లం. మిలట్రీ వచ్చిందని తెలిసిన దినం మా నాయిన వాడంతా బెల్లం పంచిండు. పది దినాలు కాలేదు, గాజులమ్మే అవ్వనూ ఆమె బిడ్డనూ తీసుకొచ్చి గరిసెల దాచిండు."

లేచి నన్ను వెనక గదిలోకి తీసుకుపోయింది. మిరపకాయ బస్తాలు జరిపి చూపించింది. షాబాద్ బండల మీద గుండ్రంగా, రంగు తేలిపోయిన చోటు. గరిసె, అంటే ధాన్యం పోసుకునే గాదె, ఉండింది అక్కడే. ఇద్దరు మోకాళ్లు ముడుచుకుని కూచుంటే గానీ పట్టదు. మూడు రాత్రులు అందులోనే ఉన్నారట. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకునేదట ఆ తల్లి.

"ఆమె మొగడు?" అన్నాను. చిన్నమ్మమ్మ తల అడ్డంగా ఊపింది.

సైన్యం వచ్చాక రజాకార్ల మీది కోపం మామూలు ముస్లింల మీద పడింది. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ రోజుల్లో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల్లో ధర్మాబాద్ ఉన్న నాందేడ్ ఒకటి. ఆ నివేదికను దశాబ్దాలపాటు జనానికి చూపించలేదు. ఇది పరదేశం మీద దాడి అని నిజాం ఫిర్యాదు చేస్తే, ఇది మా ఇంటి వ్యవహారం అన్నది భారత్. ఆ ఫిర్యాదు మీద భద్రతా మండలి 1948 సెప్టెంబర్ 16న పారిస్‌లో కూచుంది. మర్నాడే నిజాం లొంగిపోయాడు. మూడు నెలలు తిరక్కుండా, డిసెంబర్ 10న, అదే పారిస్‌లో విశ్వ మానవ హక్కుల ప్రకటన వచ్చింది. గాజులమ్మే ఆమెకు ఈ రెంటిలో ఏదీ అందలేదు. ఆమెకు అందింది మా ముత్తాత గరిసె.

ఇన్నేళ్లుగా బావా నేనూ సైన్యం పోవాలా వద్దా అన్న దగ్గరే కొట్టుకుంటున్నాం. పోయిన మర్నాటి నుంచి అక్కడి మనుషుల ప్రాణాలకు పూచీ ఎవరిదని ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు. నాకు నిజంగా సిగ్గేసింది.

సాయంత్రం బయల్దేరుతుంటే చిన్నమ్మమ్మ నా సంచిలో కారప్పొడి పొట్లం పెట్టింది.

"ఆ లిబియాల మిలట్రీ ఎన్ని దినాలుండె బిడ్డా?"

ఆక్రమణ సైన్యాన్ని దించొద్దని తీర్మానంలోనే రాశారనీ, బాంబులేసింది విమానాలేననీ చెప్పాను.

సంచి మూతి రెండుసార్లు ముడేసింది. "మరి ఎవలను ఎవలు దాచిండ్రో" అంది.