అక్క ఆయాసం

ఆదివారం, రాత్రి 10 దాటింది.

పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో వాకింగ్. మేం వెళ్ళేసరికే మగవాళ్ళ బ్యాచ్ ఆర్ట్స్ కాలేజీ ముందు చేరి స్టెంట్ల లెక్కలో పడ్డారు. ఒకాయనకి రెండు, ఇంకొకాయనకి మూడు, నెల క్రితం కొత్తగా చేరినాయనకి ఏకంగా బైపాస్. ఎవరికి ఎక్కువుంటే ఆ పూటకి ఆయనే పెద్దమనిషి. మా ఆడవాళ్ళ బ్యాచ్‌లో గుండె ఊసే రాదు. మోకాళ్ళు, థైరాయిడ్, కోడలి డెలివరీకి అమెరికా వీసా. అలాగని బీపీ, షుగర్ లేనివాళ్ళు మాలో ఎంతమందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంటికి రాగానే ఈయన బీపీ మిషన్ ముందేసుకున్నారు. చెప్పులు విప్పారో లేదో, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టేసి, టీవీలో వార్తలవాళ్ళతో వాదిస్తూ బటన్ నొక్కారు. 158/76. ముఖం మాడిపోయింది.

"ఏమండీ, అది మీ బీపీ కాదు, వార్తల బీపీ" అన్నాను.

టీవీ కట్టేశాను. చొక్కా చెయ్యి పైకి మడిచి, వీపు కుర్చీకి, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో పెట్టించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండమన్నాను. ఆ చివరిదే ఆయనకి కష్టమైంది. ఈసారి 136/70. కింది అంకె ఇంత తక్కువుంది కదా, పైదెందుకు అంత ఎక్కువ అని అడిగారు. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయినదాన్ని, అడిగాక ఆగుతానా! వయసు పెరిగేకొద్దీ పెద్ద రక్తనాళాలు గట్టిపడి సాగే గుణం పోతుంది. గుండె నెట్టినప్పుడు పై అంకె ఎగురుతుంది, మధ్యలో కిందిది పడిపోతుంది. కిందిది బాగుందని సంబరపడకూడదు, మా వయసులో ఎక్కువ చేటు పైదానితోనే. ఆయన తేదీ వేసి రెండు రీడింగులూ నోట్‌బుక్కులో ఎక్కించారు. ఈ ఇంట్లో ఆయన గుండెకో పుస్తకం ఉంది. నా బీపీ కూడా నేను చూసుకుంటూనే ఉంటాను, దానికి పుస్తకం అయితే లేదు.

గోరుచిక్కుడు ఈనెలు తీస్తుంటే వనస్థలిపురం నుంచి అక్క ఫోన్.

"ఏం లేదే, ఊరికే చేశా" అంది. అక్క అలా అందంటే ఏదో ఉన్నట్టే. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక బయటపెట్టింది. మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్తే ఆయాసం, మధ్యలో మెట్ల మీద కూలబడాల్సి వస్తోందట. వీపులో రెక్కల మధ్య బరువు, పొట్ట ఉబ్బరం, ఊరికే చెమటలు. మొన్నమొన్నటిదాకా ఇది లేదు.

"గ్యాసేలే. వాము నమిలాను. డెబ్బై దాటాక మెట్లెక్కితే ఆయాసం రాదా ఏంటి?"

"నొప్పి ఉందా అక్కా?"

"నొప్పేం లేదు. ఉంటే చెప్పనూ?"

నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే. అక్క షుగర్ ఈనాటిది కాదు. ఏళ్ళ తరబడి ఉన్న షుగర్ నరాలని మొద్దుబారుస్తుంది, గుండెకి రక్తం చాలకపోయినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. పెద్దవాళ్ళలో, అందులోనూ ఆడవాళ్ళలో, అది ఆయాసంగానో నీరసంగానో వాంతి వచ్చినట్టో దవడలో లాగినట్టో కనిపించొచ్చు. సినిమాల్లోలాగా ఛాతీ పట్టుకుని పడిపోవాలని చూస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

పోయిన ఉగాదికి బావగారు బొబ్బట్లు గట్టిగా లాగించి అర్ధరాత్రి ఛాతీలో మంటన్నారు. ఇల్లంతా లేచింది, కారు తీశారు, ఈసీజీ, రక్తపరీక్షలు, తెల్లవార్లూ కాపలా. తీరా చూస్తే గ్యాస్. తప్పు పట్టడం లేదు, అలాగే పరిగెత్తాలి. అక్క ఆయాసానికి మాత్రం అదే ఇంట్లో వాము డబ్బా తీశారు.

ఆడవాళ్ళకి నెలసరి ఆగేదాకా హార్మోన్ల కాపుదల కొంత ఉంటుంది. ఆ తర్వాత చెడు కొలెస్ట్రాల్, బీపీ పెరుగుతాయి, కొవ్వు నడుం చుట్టూ చేరుతుంది. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో ఆడవాళ్ళకి మొదటి గుండెపోటు మగవాళ్ళ కంటే సగటున 9 ఏళ్ళు ఆలస్యంగా వచ్చినట్టు తేలింది. ఆలస్యంగా రావడమంటే రాకపోవడం అనుకున్నాం మనం. గుండెపోటు ముప్పులో 90 శాతానికి పైగా తొమ్మిది కారణాలకే చెందుతుందని 2004లో వాళ్ళే చెప్పారు. వాటిలో పొగతాగడం పక్కన పెడితే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, నడుం, కదలకపోవడం, దిగులు... అక్క దగ్గర ఏది లేదని! మన ఆడవాళ్ళకి నడుం 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. ఉప్పు సంగతి ఇక చెప్పక్కర్లేదు. మా తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు రోజుకి 5 గ్రాములు దాటొద్దంటారు, అంటే తలకొట్టిన ఒక్క టీస్పూను. అక్క పళ్ళెంలోకి మాగాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయ వచ్చేసరికి ఆ లెక్క గల్లంతు.

అక్క కొడుక్కి ఫోన్ చేశాను. "ఈ వారం ఆఫీసులో బిజీ పిన్నీ, శనివారం తీసుకెళ్తా" అన్నాడు. నాన్నకైతే శనివారం దాకా ఆగుతావా అని అడిగాను. మాట్లాడలేదు. నేను మెట్రోలో నాగోలు వెళ్ళి అక్కడి నుంచి ఆటో ఎక్కేసరికి కారు బయట పెట్టుకుని ఉన్నాడు.

ఎమర్జెన్సీలో ఈసీజీ తీశారు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్‌ని కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చూశారు. రెండూ ఫరవాలేదన్నారు. "చూశావా, గ్యాసే" అంది అక్క. ఆ డాక్టరమ్మ నవ్వలేదు. "ఇది పడుకున్నప్పుడు తీసిన ఈసీజీ అమ్మా, మెట్లెక్కినప్పుడు మీ గుండె ఏం చేస్తుందో ఇది చెప్పదు. రేపు ఎకో, అంటే గుండె స్కాన్ చేసి, రక్తనాళాల్లో అడ్డంకులు చూసే యాంజియోగ్రామ్ కావాలో లేదో చూద్దాం" అంది. రాత్రికి ఉండిపొమ్మంది కూడా. అక్క మొరాయించి, గంటసేపు బతిమాలినా వినక చివరికి కొడుకు కసిరితే పడుకుంది.

డాక్టరమ్మ పాత రిపోర్టులు అడిగితే అక్క సంచీలోంచి లావుపాటి ఫైలు తీసిచ్చింది. అన్నీ బావగారివి. తన షుగర్ చీటీ ఒకటి మాత్రం పర్సులో నాలుగు మడతలు పడి ఉంది.

ఇప్పుడు అక్క బెంగ ఎకో గురించి కాదు, రేపు పొద్దున బావగారికి టిఫిన్ ఎవరు పెడతారని. ఇడ్లీపిండి నేను తెస్తానని చెప్పి వచ్చాను. రుబ్బడం అయింది. ఉప్పు తగ్గించే వేశాను, ఆ సంగతి ఆయనకి చెప్పను.