జెండా లేని ఓడ

మా పాప నాలుగో క్లాసు ప్రాజెక్టుకి ఆస్ట్రేలియా తీరానికొచ్చిన బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ ఓడ 'ఎండీవర్' చేయాలి. రాత్రి పదకొండు దాకా కూర్చుని పిజ్జా డబ్బా కత్తిరించి అతికించింది నేనే. పొద్దున్నే అగ్గిపుల్లకి బ్రిటిష్ జెండా అంటించి ఇస్తే, "నేను పెట్టను" అంది.

"ఎందుకే?"

"వాళ్లు అడిగి రాలేదుగా."

నిజమే. 1770 ఏప్రిల్ 29న, మేం చపాతీలు కట్టుకుని షికారుకెళ్లే ఈ సిడ్నీ బోటనీ బే ఒడ్డునే, ఇక్కడి ఆదివాసులైన గ్వీగల్ మనుషులిద్దరు ఈటెలు పట్టుకుని అడ్డం నిలబడితే కుక్ తుపాకీ పేల్చాడు. గుడిసెలో దాక్కున్న పిల్లల దగ్గర పూసలు వదిలి, 40, 50 ఈటెలు ఎత్తుకుపోయారు. మర్నాడు చూస్తే పూసలు అక్కడే పడున్నాయి. ఆ పూసల దగ్గరే మా పాప మనసు ఆగిపోయింది. స్థానికుల సమ్మతితోనే నేల తీసుకోమని కుక్‌కిచ్చిన రహస్య ఆదేశాల్లో ఉంది. అయినా ఆగస్టు 22న ఓ చిన్న దీవిలో జెండా ఎగరేసి తూర్పు తీరమంతా బ్రిటన్ రాజు మూడో జార్జిదే అనేశాడు. ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు.

ఈ కోపం దానికి నూరిపోసింది నేనే. కొల్లూరు గని, కోహినూరు, తెల్లవాళ్లు అంటూ ముద్దముద్దకీ చెప్పాను. "1611లో మచిలీపట్నంలో కొట్టు పెట్టుకుంటామని వచ్చి..." అని మొదలుపెడితే మా ఆయన టీవీ సౌండు పెంచుతారు. అదే నోటితో ఇప్పుడు "పెట్టవే, మార్కులు పోతాయి" అన్నాను.

ఇంకోటి. నేను పౌరసత్వం తీసుకుంది జనవరి 26న. పొద్దున మనవాళ్ల రిపబ్లిక్ డే, జనగణమన. మధ్యాహ్నం చేతిలో ఆస్ట్రేలియా జెండాతో ఫొటో. 1788లో అదే రోజు సిడ్నీ కోవ్‌లో తొలి గవర్నరు ఫిలిప్ బ్రిటిష్ జెండా ఎగరేశాడని తెలియక కాదు. సెలవు కలిసొచ్చింది. ఆ ఫొటో మా హాల్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కనే ఉంది.

పిల్లలకి చరిత్ర దాచకండని స్నేహితురాళ్లకి తెగ చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పాలంటే నోరు రావట్లేదు. ఆ ఈటెల్లో నాలుగు 2024లో కేంబ్రిడ్జి నుంచి తిరిగొచ్చాయంటే దాని మొహం వెలిగింది. వెంటనే, "మరి ఈ ఇల్లు కొనేటప్పుడు మనం ఎవర్ని అడిగామమ్మా?" అంది.

"బ్యాంకుని" అన్నాను. నవ్వలేదు.

ఓడ జెండా లేకుండానే బడికెళ్లింది. టీచరు అడిగితే పనికొస్తుందని, జెండా మాత్రం దాని బ్యాగు పక్కజేబులో పెట్టాను. దాన్ని అడక్కుండానే.