కొండదారిలో తిరగని ఫ్యాన్

మా క్యాంపర్ వ్యాన్‌కు ముప్పై ఏళ్లు దాటాయి. చదునైన రోడ్డు మీద అది ఏనాడూ వేడెక్కలేదు. అక్కడ ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది కనుక ఫ్యాన్‌తో పెద్దగా పని పడదు. పని పడేది ఘాట్ రోడ్డులో, రెండో గేరులో, బరువు లారీ వెనుక నడక వేగంతో ఎక్కుతున్నప్పుడు. సరిగ్గా అక్కడే, మూడో మలుపు దాటగానే, ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీతకు ఆనుకుంది.

ఇంజిన్ వేడిలో కొంతైనా ఇవతలికి వస్తుందని క్యాబిన్ హీటర్‌ను పూర్తిగా తిప్పి, చెమటలు కారుతుండగా, వెడల్పైన చోటు దొరికేదాకా బండిని లాక్కొచ్చాను. ఆపి చూస్తే ఫ్యాన్ రెక్కలు కదలడం లేదు. రేడియేటర్ మూత జోలికి మాత్రం పోలేదు. ఒత్తిడిలో ఉన్నంతసేపే ఆ నీరు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులైతే ఆవిరై ముఖాన కొడుతుంది. గంటసేపు చల్లారనిచ్చాము.

ఇలాంటి పాత బండ్ల వైరింగులో ఒక సుఖం ఉంది, దాన్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రేడియేటర్‌కు బిగించిన థర్మో స్విచ్చు (నీరు వేడెక్కితే ఫ్యాన్‌ను తిప్పించేది), మోటారు, చివరికి ఎర్త్, అంటే బండి రేకు మీదుగా కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి చేరే దారి. ఫ్యూజు బాగానే ఉంది. స్విచ్చు ప్లగ్గు ఊడదీసి, దాని రెండు పిన్నులను తీగముక్కతో కలిపాను. స్విచ్చే చెడి ఉంటే ఫ్యాన్ వెంటనే తిరగాలి. రెక్కలు ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కదిలి ఆగిపోయాయి. మోటారే పోయిందనుకుని, పడక కింది రెండో బ్యాటరీ నుంచి దానికి నేరుగా కరెంటు ఇచ్చాను. గిర్రున తిరిగింది.

తీగముక్క మళ్లీ కలిపి, మోటారుకు కరెంటు వచ్చే తీగ మీద టెస్ట్ ల్యాంపు పెడితే ధగధగా వెలిగింది. టార్చి పట్టుకున్న మా ఆవిడ, "దీపం వెలుగుతోంది కదండీ, మరి ఫ్యాన్‌కేమొచ్చింది?" అంది. ఆ ప్రశ్నకు జవాబు నా చేతిలోనే ఉంది: ల్యాంపు క్లిప్పును నేను ఇంజిన్‌కు తగిలించాను. అంటే నేను పరీక్షించింది వచ్చే దారినే తప్ప, మోటారు నుంచి కరెంటు తిరిగి వెళ్లే దారిని కాదు.

మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో కొనను మోటారు ఎర్త్ తీగకు ఆనించాను. ఎర్త్ సరిగ్గా ఉంటే అక్కడ దాదాపు సున్నా చూపించాలి. ఎనిమిది వోల్టులకు పైగా చూపించింది. ఉన్న పన్నెండులో మోటారుకు దక్కుతున్నది నాలుగేనన్నమాట.

ఆ తీగను పట్టుకుని పోతే, బంపరు వెనుక, ఎప్పుడో ఎవరో పూసిన రంగు కింద ఎర్త్ బోల్టు కనిపించింది. పైకి నిగనిగలాడుతున్నా, విప్పితే వాషరు పచ్చటి పొడిగా రాలింది. రేకును గరుకు కాగితంతో తళుకు తేలేదాకా రుద్ది, కొత్త వాషరు వేసి, పైన వ్యాజలైన్ పూసి బిగించాను. ప్లగ్గు యథాస్థానంలో పెట్టి ఇంజిన్‌ను నిలకడగా నడవనిస్తే, ముల్లు సగం దాటిన కాసేపటికి ఫ్యాన్ తనంతట తానే అందుకుంది.

మిగిలిన ఎత్తంతా అద్దాలు దించుకుని ఆ హోరు వింటూనే ఎక్కాము. పైన బండి ఆపి తాళం తీశాక కూడా అది రెండు నిమిషాలు తిరిగి ఆగింది. ఆగేదాకా ఇద్దరం దిగలేదు. ఎందుకైనా మంచిదని మోటారు నుంచి నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు మరో తీగ లాగాను. అది నేటికీ అలాగే ఉంది.