సంతకం పెట్టేముందు మేం అడిగినవి

మా చిన్నోడు ఏడో నెలలోనే పుట్టాడు. 29 వారాలు, 1,150 గ్రాములు. పరకాల నుంచి హనుమకొండ వచ్చేసరికే మా ఆవిడకు బీపీ బాగా పెరిగిపోయింది. రాత్రికి రాత్రే ఆపరేషన్ చేసి బిడ్డను బాక్సులో పెట్టారు.

మర్నాడు రాత్రి పదకొండింటికి ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) బయట బెంచీ మీదున్నాను. ఒక పీజీ డాక్టరమ్మ వచ్చి నాలుగు కాగితాలు ఇచ్చింది. "స్టడీ ఉంది, సంతకం పెట్టండి, అందరూ పెడుతున్నారు" అంది. అప్పటికే ఆపరేషన్‌కు, రక్తానికి, వెంటిలేటర్‌కు సంతకాలు పెట్టి ఉన్నాను కాబట్టి ఆలోచించకుండానే పెన్ను తీశాను. పైన 'రీసెర్చ్' అన్న మాట కనపడి ఆగాను. మొత్తం ఇంగ్లిష్‌లోనే ఉంది.

"మేడం, ఇది వైద్యమా, పరిశోధనా?"

"రెండూ ఒకటే అనుకోండి."

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. మా పక్కనున్న ఖమ్మం జిల్లాలో 2009లో ఆడపిల్లలకు గర్భాశయ క్యాన్సర్ టీకాలు వేసినప్పుడు, హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని తర్వాత బయటపడింది. ఆ వార్తలన్నీ నేను చదివినవే.

పొద్దున తెలుగు ఫారం అడిగితే ఇచ్చారు. అందులో 'యాదృచ్ఛికీకరణ' అని ఉంది. ఇన్‌ఛార్జి సిస్టర్ చూసి, "చీటీలు తీసుడే అన్నా. కవరు చింపితే ఏది ఉంటే అదే మీ గ్రూపు" అంది. నాలుగు పేజీలు చెప్పలేనిది ఆ సిస్టర్ రెండు ముక్కల్లో చెప్పింది.

సంగతేమిటంటే, ఇలాంటి పిల్లలకు గొట్టంతో పాలు పోస్తారు. ఒక గ్రూపుకు రోజూ కిలోకు 20 మిల్లీలీటర్ల చొప్పున పెంచుతారు, ఇంకో గ్రూపుకు 30 చొప్పున. మావాడి బరువుకు లెక్కేస్తే రోజూ పెంచేదాంట్లో తేడా సుమారు రెండు టీస్పూన్లు. త్వరగా పెంచితే సెలైన్ త్వరగా తీసేయొచ్చు, ఇన్‌ఫెక్షన్ భయం తగ్గుతుంది. కానీ పేగులు దెబ్బతింటాయేమోనన్న అనుమానం కూడా డాక్టర్లకు ఉంది.

"రెండూ మామూలుగా చేసేవే, రిస్క్ ఏం లేదు" అంది డాక్టరమ్మ. ఫార్మసీ చదువుతున్న మా మేనల్లుడు అక్కడే అడ్డుపడ్డాడు. అమెరికాలో 2005-2009 మధ్య, 24-27 వారాలకే పుట్టిన దాదాపు 1,300 మంది పిల్లల మీద ఒక స్టడీ జరిగిందట. సగం మందికి ఆక్సిజన్ సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 85-89 మధ్య, మిగతావాళ్ళకు 91-95 మధ్య ఉంచారు. రెండూ అప్పటికి మామూలుగా వాడేవే. తక్కువ ఉంచిన వాళ్ళలో కంటి జబ్బు తగ్గింది, చావులు మాత్రం పెరిగాయి. తక్కువ ఉంచిన గ్రూపులో నూటికి సుమారు 20 మంది, ఎక్కువ ఉంచిన గ్రూపులో 16 మంది పోయారు. ఆ ప్రమాదం సంగతి ఫారాల్లో సరిగా చెప్పలేదని 2013లో అక్కడి ప్రభుత్వ ఆఫీసే తప్పుపట్టింది. డాక్టర్లలో చాలామంది ఆ మాట ఒప్పుకోలేదు. నేను మాత్రం ఒప్పుకుంటాను. మామూలుగా అయితే బిడ్డ పొట్ట చూసి డాక్టర్ రాస్తాడు, ఇక్కడ చీటీ రాస్తుంది. ఆ తేడా తల్లిదండ్రులకు చెప్పి తీరాలి.

అలాగని స్టడీలే వద్దని నేననను. మావాడి మానిటర్‌కు 90 దగ్గరొకటి, 95 దగ్గరొకటి అలారం పెట్టారు. ఆ అంకెలు ఊరికే రాలేదు. ఎవరో తల్లిదండ్రులు తమ పిల్లల్ని ఒప్పజెబితేనే తెలిశాయి.

మా అత్తమ్మ భయం వేరు. "పెట్టకుంటే పోరన్ని మంచిగ చూడరేమో, పెట్టు బిడ్డా" అంది. నిజం చెప్పాలంటే నా భయమూ అదే. ఎన్‌ఐసీయూ బయట కూర్చున్న ప్రతి తండ్రికీ ఆ భయం ఉంటుంది. ఎవరూ బెదిరించక్కర్లేదు. రౌండ్స్‌కొచ్చిన పెద్ద డాక్టర్‌నే అడిగేశాను. ఆయన నిలబడి చెప్పారు: "అదే బెడ్డు, అవే మందులు, అవే సిస్టర్లు. పాలెంతో నేను చూసి రాస్తా, అంతే తేడా." ఫారం మూడో పేజీలో కూడా అలాగే ఉంది, పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరుతో సహా. మొదటి పేజీలో ఉండాల్సిన ముక్క అది.

తండ్రి సంతకం చాలన్నారు, నాకు మనసొప్పలేదు. తల్లి రెండంతస్తుల కింద వార్డులో ఉంది, బిడ్డ ముఖం ఇంకా చూడలేదు. కాగితాలు తీసుకెళ్ళి మొత్తం చదివి వినిపించాను. డాక్టరమ్మ కూడా వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"నడుమల వద్దనిపిస్తే?" అంది మా ఆవిడ.

"ఎప్పుడైనా మానేయొచ్చమ్మా. కారణం చెప్పక్కర్లేదు."

"కడుపు ఉబ్బితే?"

"అప్పుడు స్టడీ సంగతి తర్వాత. ముందు పాలు ఆపేస్తాం."

ఈ రెండు ప్రశ్నలూ నాకు తట్టలేదు. ఆమె కాసేపు కళ్ళు మూసుకుని, పెన్ను ఇమ్మంది.

మావాడికి 20 గ్రూపు వచ్చింది. మూడో వారంలో కళ్ళ పరీక్ష చేశారు, 1,200 గ్రాముల లోపు పిల్లలకు అంతకంటే ఆలస్యం చేయకూడదట. రెటీనా బాగానే ఉందన్నారు. ఆ ఫారం కాపీ డిశ్చార్జి కాగితాలతోపాటే దాచాను. చేతికి సెలైన్ సూది ఉండగానే పెట్టిన సంతకం కదా, మా ఆవిడ పేరులోని అక్షరాలన్నీ ఒక పక్కకు వాలిపోయి ఉంటాయి.