సాక్షి బెంచీ
నిన్న మా మేనత్తతో కోర్టుకు పోయాను, గొలుసు దొంగతనం కేసులో ఆమే సాక్షి. దేవరకొండలో పొద్దున ఆరింటి బస్సెక్కి వెళ్లి, మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చుంటే చివరికి వాయిదా అన్నారు (ఇది మూడోసారి). దానికన్నా ఘోరం ఏంటంటే, నిందితుడి తరఫువాళ్లు సరిగ్గా మా బెంచీకి ఎదురుగా నిలబడి ఆమెనే చూస్తున్నారు. "ఇంకొద్దురా, నాకేం గుర్తులేదని చెప్పేస్త" అంది అత్త.

ఇంటికొచ్చి ఉచిత న్యాయసహాయం ఇచ్చే లీగల్ సర్వీసెస్ నంబర్ 15100కి ఫోన్ చేశా. బెదిరింపు ఉంటే కొన్ని రకాల కేసుల్లో సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చట, 2018లో సుప్రీంకోర్టే దాన్ని అమలు చేయమంది, ముప్పు ఎంతుందో పోలీసులు 5 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. సాక్షికి దారిఖర్చులు కూడా ఇప్పించొచ్చట! ఈ ముక్క మూడు వాయిదాల్లో ఒక్కరూ చెప్పలేదు.

రాత్రి అత్తకు చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మళ్ల వాయిదా ఎప్పుడన్నరు?" అని అడిగింది.