డోనర్ కనుమ సొరంగం చూశాక

కాలిఫోర్నియాలో డోనర్ కనుమ దగ్గర పాత రైలు సొరంగం చూశాం. పొడవు 1,659 అడుగులు. 1860ల్లో చైనా కూలీలు సుత్తులతో, తుపాకిమందుతో గ్రానైట్ కొండను తొలిచారు. గోడల మీద చేత్తో వేసిన రంధ్రాల గాట్లు ఇంకా తెలుస్తున్నాయి.

చాలామందిది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం. భార్యాబిడ్డలు అక్కడే ఉండిపోయారు. తెల్ల కూలీలకు రైలు కంపెనీయే తిండి పెట్టేది, వీళ్లకు మాత్రం జీతంలోంచే. మిగిలింది ఊరికి పంపాలి. 1867 జూన్‌లో సమాన జీతం కోసం సమ్మె చేస్తే తిండి సరుకులు ఆపేశారు. ఎంత అన్యాయం!

ఇళ్లకు వాళ్లు రాసుకున్న ఉత్తరం ఒక్కటీ ఇంతవరకు దొరకలేదట. అక్కడ పిల్లల్ని పెంచుకొచ్చిన ఆ ఇల్లాళ్ల గురించే నాకు ఎక్కువ దిగులేసింది. అటు వెళ్లేవాళ్లు టార్చ్ పట్టుకెళ్లండి, పిల్లలకు ఆ గాట్లు తప్పకుండా చూపించండి.